పూచీ లేని కావలివాడు

భార్య పోయాక గురవన్న కొండవార సున్నపు బట్టీ పెట్టుకుని ఏళ్ళ తరబడి ఒంటరిగా బతికాడు. వరదలో ఆ బట్టీ కూడా పోయింది. కోటలో ధాన్యపు కొట్టుకు కావలివాడు కావాలంటే వచ్చాడు.

“నీకు పూచీ ఎవరు? నిన్నెరిగినవాణ్ణి ఒక్కణ్ణి తీసుకురా” అన్నాడు దివాను, మీసం దువ్వుకుంటూ.

“ఎవరూ లేరు దొరా.”

“మరి నిన్నెలా నమ్మేది?”

“పాత కావలివాడికి పూచీ పడ్డ స్నేహితులే వాడి చేత తలుపు తీయించి గింజలు మోసుకుపోయారట కదా! నేనెవరికోసం తీస్తాను? నా తలుపు తట్టేవాళ్ళే లేరు.”

దివాను తాళాలు చేతిలో పెట్టాడు.

“వెళ్ళు గురవన్నా.”

గురవన్న కదల్లేదు.

“ఇంకేం కావాలి?”

“మళ్ళీ ఒక్కసారి పిలవండి దొరా. నన్నెవరైనా పేరుపెట్టి పిలిచి ఏళ్ళయింది.”