వేటనల్లి ముక్కు ఎందుకు లావు?

ఒకప్పుడు కంపునల్లులన్నీ ఒక్కలాగే ఉండేవి. నున్నటి భుజాలు, సన్నటి ముక్కు, ముట్టుకుంటే వేలిని వదలని కంపు. కొన్ని మొక్కల రసం తాగేవి. ఇంకొన్ని, మొక్కలను తినే పురుగులనే వేటాడి తినేవి. అవే వేటనల్లులు. ఏది ఏదో వాటిని కన్నతల్లి కూడా చెప్పలేకపోయేది!

ఆ రోజుల్లో బాలకోటమ్మ అనే ఆమెకు ఒక కంది చేను ఉండేది. ఏడాది పొడుగునా ఇంటిల్లిపాదికీ పప్పు అందులోంచే రావాలి. ఒక ఏడు కాయ పట్టగానే పచ్చపురుగులు దిగాయి. ఆమె మొక్క కింద దుప్పటి పరిచి, కొమ్మలు పట్టి దులిపేది. రాలినవన్నీ గుంటలో పోసి మన్ను కప్పేది. పచ్చపురుగులతోపాటు కంపునల్లులూ ఆ గుంటలోకే పోయేవి.

"ఇంత కంపు కొట్టేది మంచిదెట్టా అవుద్దీ?" అనేది బాలకోటమ్మ.

ఎంత దులిపినా పురుగు తగ్గలేదు సరికదా, ఇంకా పెరిగింది. ఏ కాయ చూసినా బొక్కే. బాలకోటమ్మ గట్టుమీద కూలబడి ఏడ్చింది.

"ఈ ఏడు పిల్లలకి పప్పు మెతుకులు లేవు దేవుడా!"

దుప్పటిమీద ఒక్క నల్లి మిగిలి ఉంది. దాని అన్నదమ్ములంతా అప్పటికే మన్ను కింద ఉన్నారు.

"అమ్మా! నీ చేనుకి కాపలా కాసేది మేమే. కాపలావాళ్ళను పూడ్చిపెట్టి, దొంగల్ని పెంచుకుంటున్నావు" అంది నల్లి.

"అట్టనా? ఏదీ, చూపించు!"

నల్లి కందికొమ్మ ఎక్కింది. ఎదురుగా పచ్చపురుగు, తనకు రెండింతలుంది. నల్లి ముక్కు ముందుకు చాచి ఒక్క పోటు పొడిచింది. పురుగు మెలికలు తిరిగి కొమ్మమీంచి జారిపోయింది. అయినా నల్లి పట్టు వదల్లేదు. అంత పురుగునూ ముక్కు కొసన గాలిలో వేలాడదీసి నిలబడింది! ఆ బరువుకు ముక్కు వాచి లావెక్కింది. అప్పుడు కూడా వదల్లేదు.

బాలకోటమ్మ ఊపిరి బిగబట్టి చూసింది. చిటికెనవేలి గోరంత ప్రాణి! తన రెండు చేతులూ చెయ్యలేని పని అది ఒక్క ముక్కుతో చేస్తోంది. ఆమెకు ఒళ్ళు గగుర్పొడిచింది. తెలియకుండానే దణ్ణం పెట్టింది.

"ఎంత పాపం చేశాను నాయనా!" అంటూ పరుగున వెళ్ళి గుంట తోడింది. నల్లి తన వాళ్ళను చూపించింది. ఏడుగురే బతికున్నారు.

బాలకోటమ్మ తుమ్మముళ్ళ కొసలు తుంచి, ఒక్కోదాని భుజాలమీద రెండేసి గుచ్చింది. "మేకలకి చెవి కోసి గుర్తు పెట్టుకుంటాం. మీకిదే గుర్తు. ఇంక నా చెయ్యి మీమీద పడదు" అంది. ఆ ఏడుగురూ చేలో పురుగుల్ని పొడిచి ఎత్తి ఎత్తి, వాళ్ళ ముక్కులూ అలాగే లావెక్కాయి.

అది చూసి రసం తాగే నల్లులు ఊరుకుంటాయా? వాటిలో కొన్ని తామూ ముళ్ళు తెచ్చి గుచ్చుకున్నాయి. దొంగలకి వేషాలు కొత్తా! లావుపాటి ముక్కు మాత్రం వాటికి రాలేదు. బరువు మోసిందెప్పుడని వస్తుంది?

అప్పటినుంచే వేటనల్లికి భుజాలమీద ముళ్ళు, మూతికి లావుపాటి ముక్కు. ఈనాటికీ ఫోటో చూసి అది ఏ నల్లో గుర్తుపట్టేవాళ్ళు ముళ్ళు చూసి ఊరుకోరు, ముక్కు కనబడేదాకా ఫోటోను పెద్దది చేస్తూనే ఉంటారు.