ఉప్పు రాసిన ప్లగ్గు

మొగలమ్మపాలెంలో ఉన్న తెలివంతా తమ ఇంట్లోనే ఉందని లోవరాజుకి గట్టి నమ్మకం. "చెప్పింది చెప్పినట్టు చేసేవాడే తెలివైనోడు" అని వాళ్ళ నాయన చెప్పిపోయాడు. లోవరాజూ, తమ్ముళ్ళు ఎరకయ్యా, కాసులూ ఆ మాట ఒక్కరోజు కూడా తప్పలేదు. అందుకే ఊళ్ళో వాళ్ళు ఆ ముగ్గురితో ఆచితూచి మాట్లాడతారు.

అలాంటి లోవరాజుకి పెళ్ళి కుదిరింది. పిల్ల ఏటికి అవతలి గట్టునుండే వీరవేణి. ఆ పిల్లంటే లోవరాజుకి ప్రాణం. పిల్ల తండ్రి సత్తియ్య మాత్రం ఒకటే పట్టు పట్టాడు.

"తెడ్లేసుకుంటా వచ్చేవోడికి నా కూతుర్నివ్వను. మోటారు మీద రావాల. పదకొండింటికి ముహూర్తం."

ఇంకేముంది, పాత మోటారొకటి కొని పడవ వెనక బిగించారు. చుట్టాలంతా ఆటోల్లో వంతెన మీదుగా ముందే పోయారు. అన్నదమ్ములు ముగ్గురూ పొద్దున్నే పడవెక్కారు. ఏటి మధ్యకి వచ్చేసరికి మోటారు రెండుసార్లు దగ్గి ఊరుకుంది. అంతే! లోవరాజు తలపాగా సర్దుకుని మెకానిక్ అబ్బులుకి ఫోన్ కొట్టాడు.

"ట్యాంకులో పెట్రోలుందేమో చూడు" అన్నాడు అబ్బులు.

"ఉందండి. బకెట్లో పోసి మరీ చూశాం."

"మరి ఎందుకు ఆగింది?"

"ఏమోనండి. ఇప్పుడైతే ట్యాంకులో చుక్క లేదండి."

"తిరిగి పొయ్యండ్రా! మూత మీద చిన్న మర ఉంటది. అది బిగిసిపోతే గాలాడక పెట్రోలు దిగదు. ట్యాంకుకి గాలాడేలా చెయ్యండి."

పెట్రోలు తిరిగి పోశాక, కాసులు పెళ్ళిసామాన్లలోంచి విసనకర్ర తీశాడు. ముగ్గురూ వంతులేసుకుని ట్యాంకుకి విసిరారు. మర జోలికి మాత్రం ఎవరూ పోలేదు. పెళ్ళికొడుక్కి చెమటలు కారిపోతున్నాయి గానీ ట్యాంకు హాయిగానే ఉంది.

"విసిరామండి. అయినా లేవలేదు."

"అయితే ప్లగ్గు తడిసుంటది. విప్పి, తుడిచి, ఎండలో ఆరబెట్టండి."

ఆరబెట్టడమా! పుట్టినప్పటినుంచీ చేపలు ఆరబెట్టిన చేతులవి. ఎరకయ్య ప్లగ్గు తుడిచి, అనుమానంగా అన్న వైపు చూశాడు.

"ఉప్పు రాయకుండా ఆరబెడితే కుళ్ళిపోదూ, అన్నియ్యా?"

"మరే! ఆ అబ్బులుకి ఏం తెలుసు, ఎప్పుడైనా చేపల వేటకెళ్ళాడా?" అన్నాడు లోవరాజు.

పడవలో ఎప్పుడూ ఉండే ఉప్పు మూట విప్పారు. ప్లగ్గుకి పైనా కిందా దట్టంగా పట్టించారు. ఈగలు వాలకుండా వల కప్పి, అరగంటకోసారి తిరగేస్తూ కూర్చున్నారు. ఆనక బిగించి తాడు లాగితే మోటారు కిక్కురుమనలేదు.

"చెప్పినట్టే ఆరబెట్టామండి. కిలో ఉప్పు పట్టింది" అన్నాడు లోవరాజు ఫోన్లో.

అబ్బులు ఏడుపు గొంతుతో, "బాబ్బాబూ, ఇంక దాని మీద చెయ్యి వెయ్యకండి. విప్పి నా షెడ్డుకి పంపించెయ్యండి" అని పెట్టేశాడు.

"అంత బరువు ఎవరు మోస్తార్రా?" అన్నాడు లోవరాజు.

"మొయ్యడమెందుకన్నియ్యా? నీళ్ళలో నడిచేదే కదా. షెడ్డు వైపు తిప్పి వదిలితే అదే పోద్ది" అన్నాడు కాసులు.

తమ్ముడి తెలివికి లోవరాజు కళ్ళు చెమర్చాయి. ముగ్గురూ మోటారు విప్పి, బొట్టు పెట్టి, షెడ్డు వైపు తిప్పి నీళ్ళలో వదిలారు. బుడబుడమని బుడగలొచ్చాయి. "స్టార్టయింది!" అని చప్పట్లు కొట్టారు.

ఈలోగా సముద్రం పోటు మొదలైంది. నీళ్ళే పడవని నెట్టుకుంటూ పోయి, పదకొండుకి ఇంకా పది నిమిషాలుందనగా సత్తియ్య రేవులో ఆనించాయి. సన్నాయి అందుకుంది. పూలజడ వేసుకుని వీరవేణి గట్టు మీదే నిలబడి ఉంది. సంబరంలో సత్తియ్య మోటారు సంగతే మర్చిపోయాడు.

"దిగు అల్లుడూ, టైమైపోతంది!"

లోవరాజు ఒడ్డు మీద కాలు పెట్టబోయి ఆగాడు. వెనక్కి తిరిగి ఖాళీగా ఉన్న పడవ చివరకేసి చూశాడు.

"మోటారు మీద వస్తేనే కదా పిల్లనిస్తానన్నారు మావయ్యా! అది షెడ్డుకెళ్ళింది. బాగై తిరిగొస్తా ఉంటది. ఏటి మధ్యలో ఎక్కించుకుని వచ్చేస్తాం."

"మోటారు పోతే పోయింది, నువ్వు రా!" అని అరిచింది వీరవేణి.

ఎంత మంచి పిల్ల, ఇలాంటి పిల్లని మాట తప్పి పోగొట్టుకుంటానా అనుకున్నాడు లోవరాజు. అంతే! పడవ అడుగున పడున్న తెడ్లు మూడూ పైకి లేచాయి. సత్తియ్య పట్టుపంచెతో నీళ్ళలోకి దూకాడు గానీ అందుకోలేకపోయాడు. అన్నదమ్ములు ప్రాణం పెట్టి తెడ్లేశారు. ఆ ఏట్లో ఏ మోటారూ అంత జోరుగా పోలేదు. గట్టు దూరమవుతుంటే లోవరాజు చెయ్యూపుతూ కేకేశాడు:

"మేమొచ్చేదాకా ముహూర్తాన్ని కాస్త పట్టుకుని ఉండండి మావయ్యా!"