కఠోరవ్రతాశ్రమంలో మేకల మర్యాద

పూర్వం, వంశధారా నదీతీర దేశాన్ని దీర్ఘశాసనుడనే మహారాజు ధర్మం తప్పక పరిపాలిస్తున్న కాలంలో, ఆ నది ఒడ్డున ఒక కొండమీద కఠోరవ్రతుడనే మహాముని గురుకులం నడుపుతుండేవాడు. మండువేసవిలో నాలుగు అగ్నుల నడుమ నిలిచి, అన్నం మాని ఆకులు తిని, ఆకులు మాని నీళ్ళు తాగి, నీళ్ళు మాని గాలి భుజించి తపస్సు చేసిన ఆ మహానుభావుడు అన్నిటినీ మానగలిగాడు గాని కోపాన్ని మాత్రం మానలేకపోయాడు. కమండలం ఎప్పుడూ చేతికందే దూరంలోనే ఉండేది. దోసిట్లో కాసిని నీళ్ళు వంపుకొని శపించడం ఆయనకు దగ్గు వచ్చినంత తేలిక.

ఆయన గురువు పరమపదించేముందు రెండు తాటాకు కట్టలు చేతికిచ్చి, "నాయనా, ఒకటి విద్యార్థులను చేర్చుకునే విధి, రెండోది యాగానికి మేకలను ఎంచుకునే విధి. జాగ్రత్త" అని కన్నుమూశాడు. వాటిని నెత్తిన పెట్టుకొని వరదలో వంశధార దాటుతుండగా కట్టల తాళ్ళు తెగి, ఆకులన్నీ నీళ్ళపాలయ్యాయి. ముని ఒక్కటీ పోనీయకుండా ఏరి, ఇసుకమీద ఆరబెట్టి, మళ్ళీ రెండు కట్టలుగా గుచ్చుకొన్నాడు. ఈ ముక్క కాస్త గుర్తుంచుకోండి నాయనలారా, మళ్ళీ అడిగితే నేను చెప్పను.

విద్యార్థుల కట్టలో మొదటి ఆకు ఇలా ఉండేది: "కన్నులు నిర్మలంగా, కాళ్ళు తిన్నగా, చెవులు చీలక, కొమ్ములు సమంగా, తోక నిండుగా ఉంటేనే ప్రవేశపెట్టవలెను. స్నానం చేయించి, గుంజకు కట్టి, నోట పచ్చగడ్డి పెట్టవలెను. అటుపిమ్మట..." అక్కడితో ఆకు అయిపోయింది.

దీనికి కఠోరవ్రతుడు నలభై ఏళ్ళు శ్రమించి వెయ్యి శ్లోకాల వ్యాఖ్యానం రాశాడు. కొమ్ములంటే అహంకార మమకారాలట, అవి ఒకదాన్నొకటి మించకూడదట. తోక అంటే వినయమట, ఎప్పుడూ వెనకాలే ఉండాలట. చూశారా పాండిత్యం! కొమ్ములకూ తోకకూ అంత లోతైన అంతరార్థం వెదికిన ఆ మహాత్ముడు కన్నులకూ కాళ్ళకూ చెవులకూ మాత్రం ఉన్నదున్నట్టే అర్థం చెప్పుకొన్నాడు. చూపు లేనివారినీ నడక లేనివారినీ వినికిడి లేనివారినీ వాకిట్లోంచే తిప్పి పంపేశాడు. లోనికి రానిచ్చినవారిని మాత్రం చక్కగా గుంజకు కట్టి గడ్డి పెట్టించేవాడు. రాజకుమారులు కూడా గురుభక్తితో కళ్ళు మూసుకొని ఆ గడ్డి నమిలేవారు.

ఆశ్రమ ద్వారం దగ్గర యథోక్తుడనే శిష్యుడు కావలి ఉండేవాడు. చెప్పింది చెప్పినట్టు చేయడంలో ముల్లోకాల్లోనూ అతనికి సాటి లేడు. "నిప్పు చూసి రా" అంటే చూసి వచ్చేవాడు, తెచ్చేవాడు కాదు.

ఇలా ఉండగా ఒక శ్రావణ పూర్ణిమనాడు, నూతన విద్యామండప ప్రవేశానికి మహాయాగం తలపెట్టి, కఠోరవ్రతుడు సకల దేవతలనూ ఆహ్వానించాడు. ఆనాడే కొత్త విద్యార్థుల ప్రవేశం కూడా. సూర్యుడు నడినెత్తికి వచ్చేలోగా గడప దాటినవారికే విద్య, దాటనివారు మళ్ళీ పుష్కరం దాకా, అంటే పన్నెండేళ్ళు, ఆగవలసిందే.

ఆ ఉదయం కుముద్వతి అనే మేదరి స్త్రీ, తాను అల్లిన వెదురుబుట్టలో ఎనిమిదేళ్ళ కూతురు హేలావతిని కూర్చోబెట్టి, బుట్టను వీపున కట్టుకొని, ఇరవయ్యొక్క మెట్లు ఎక్కి, రొప్పుతూ ద్వారం దగ్గర దించింది. హేలావతికి పుట్టినప్పటినుంచీ కాళ్ళు నిలవవు. తల్లి వీపున వెల్లకిలా పడి ఆకాశం చూస్తూ పెరిగిన పిల్ల కాబట్టి ఏ చుక్క ఏ నెలలో ఎటు పొడుస్తుందో దానికి తెలుసు. ఎందుకు పొడుస్తుందో తెలియదు. ఆ 'ఎందుకు' కోసం మూడేళ్ళుగా తల్లి ప్రాణం తీస్తోంది.

యథోక్తుడు బుట్టలోకి తొంగి చూసి, "కాళ్ళు తిన్నగా లేవు. ప్రవేశం లేదు" అన్నాడు.

"అదేటి బాబూ! సదివేది కాళ్ళతోనా? మా గుంట బుర్ర సూడు, దాన్నడుగు చుక్కల సంగతి!"

"బుర్ర గురించి ఆకులో లేదమ్మా."

"ఇప్పుడు కాదంటే మళ్ళీ పన్నెండేళ్ళు. అప్పటికి దీని బరువెంత, నా నడుమెంత? నాను మోయలేనప్పుడు దీనికి ఊరే కనపడదు, ఇంక సదువు కూడానా! కాస్త దయ సూడు బాబూ."

కుముద్వతి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. యథోక్తుడు ఆకును మొదటినుంచి చివరిదాకా మళ్ళీ వెదికాడు, కాని దయ గురించి కూడా అందులో లేదు. సరిగ్గా అప్పుడే ఒక కుంటిమేక, ద్వారం పక్కనుంచి లోపలికి ఎక్కే మేకల వాలుదారి మొదట్లో నిలిచి మే మే అని అరిచింది. యథోక్తుడు ఒక్క ఉరుకున వెళ్ళి, దాన్ని రెండు చేతులా ఎత్తుకొని, కాళ్ళు కడిగి, అక్షతలు చల్లి, చెవిలో "ఓం నమః, ఓం నమః" అని నూరుసార్లు చెప్పి, ఏమాత్రం విసుక్కోకుండా లోపల మెత్తటి గడ్డిమీద కూర్చోబెట్టి వచ్చాడు.

కుముద్వతికి ఒళ్ళు మండిపోయింది. "ఓలమ్మో! మేకకున్న మర్యాద మనిషికి లేదా? దానికి నాలుగు కాళ్ళలో ఒకటే కదా వంకర, అందుకా?"

"మేకల ఆకులో అలాగే ఉందమ్మా, నన్నేం చేయమంటారు?"

హేలావతి మాత్రం ఏడవలేదు. మేక పోయినవైపే చూస్తూ, ఏదో లెక్క తేలనట్టు నుదురు ముడిచి కూర్చుంది.

అంతలో సకల విఘ్నాధిపతి, లంబోదరుడు, గౌరీనందనుడైన వినాయకుడు మూషిక వాహనంమీద ఊగుతూ వేంచేశాడు. యథోక్తుడు సాష్టాంగపడి, లేచి, చేతులు అడ్డం పెట్టి, "మన్నించండి స్వామీ. కొమ్ములు సమంగా లేవు. ఒకటి విరిగింది" అన్నాడు.

వినాయకుడు తన విరిగిన దంతాన్ని ఒకసారి తడుముకొని, పిల్లను చూసి, "నిన్నూ ఆపారా తల్లీ? కాస్త జరుగు" అని బుట్ట పక్కన చతికిలబడ్డాడు. లోపల యాగాగ్ని రాజుకోలేదు. మొదటి పూజ అందుకోవలసిన స్వామి గుమ్మం బయట కూర్చుంటే నిప్పు ఎలా పుడుతుంది?

ఆ వెనకనే సప్తాశ్వ రథారూఢుడు, సహస్రకిరణుడు, కర్మసాక్షియైన సూర్యభగవానుడు హవిస్సు అందుకోవడానికి దిగివచ్చాడు. యథోక్తుడు కళ్ళు చికిలించి రథాన్ని ఆపాదమస్తకం పరీక్షించాడు. "ప్రభూ, తమరు రావచ్చు. సారథికి తొడలు లేవు, ఆయన రాకూడదు. రథానికి కూడా ఒక్కటే చక్రం ఉంది, అదీ లోపమే."

పుట్టుకతోనే తొడలు లేని అరుణుడు, సృష్టి మొదలుకొని ఒక్క తెల్లవారుజామైనా తప్పనివాడు, పగ్గాలు ఒళ్ళో పెట్టుకొని తాపీగా, "సరే, ఇక్కడే ఉంటాను. నాకూ ఒకనాటికి విశ్రాంతి కావద్దూ?" అన్నాడు.

"నా సారథి రాని చోటికి నేను రాను" అన్నాడు సూర్యుడు.

ఇంకేముంది! రథం గుమ్మం ముందే ఆగిపోయింది, ముల్లోకాల్లో పొద్దు కదలడం మానేసింది. కొండంతా పెనంలా కాలిపోయింది. అగ్ని లేకుండానే నేతికుండలు బుసబుస పొంగాయి. యాగం చూడవచ్చిన దీర్ఘశాసన మహారాజు కిరీటం వేడెక్కి నెత్తి చుర్రుమనగా దాన్ని తీసి ఉత్తరీయంలో మూటగట్టుకొన్నాడు. గడ్డం కొసలు మాడుతున్న కఠోరవ్రతుడు "ఎవడురా యాగవిఘ్నం చేసినవాడు!" అని గర్జిస్తూ బయటికి వచ్చి, శపించడానికి కమండలం వంచాడు. చుక్క రాలలేదు, నీళ్ళన్నీ ఆవిరైపోయాయి. జీవితంలో మొదటిసారి ఆ మహర్షికి ఎదుటివారు చెప్పేది వినక తప్పలేదు.

"తాతగారూ," అంది హేలావతి, "ఆ ఆకులో ఏముందో ఒక్కసారి చదువుతారా?"

ముని కంఠస్థంగా వల్లించాడు. పిల్ల శ్రద్ధగా విని, ఆయన చుట్టూ ఒకసారి చూసి, "మరి మీ తోకేదీ?" అంది.

కుముద్వతి పిల్ల నోరు మూయబోయింది. ముని మాత్రం ఆ ప్రశ్నకోసమే నలభై ఏళ్ళుగా ఎదురుచూస్తున్నవాడిలా గొంతు సవరించుకొని, "బాలా! తోక అంటే వినయమమ్మా. దానిపైనే మూడువందల శ్లోకాలు రాశాను" అన్నాడు.

"అయితే కాళ్ళంటే కూడా ఇంకేదో అయ్యుండాలి కదండీ? తోకకో న్యాయం, కాళ్ళకో న్యాయమా? అలా కాదంటే తోకంటే తోకే, కొమ్మంటే కొమ్మే. కొమ్ములూ తోకా ఉండి, గుంజకు కట్టి గడ్డి పెట్టేది ఎవరికి? ఇది మేకల ఆకేమో తాతగారూ. ఇందాక ఈయన మేకను మోసుకెళ్ళి చెవిలో మంత్రం చెప్పాడు. మాకు చెప్పాల్సింది మేకలకు చెబుతున్నారేమో."

వినాయకుడు నెమ్మదిగా తొండం చాచి, "ఆ రెండు కట్టలూ ఇలా తెండి. రాతకోతల్లో నాకు కాస్త అనుభవం ఉంది" అన్నాడు. ఆకులు తిరగేసి, మేకల కట్టలో మొదటి ఆకు పైకి తీసి చదివాడు.

"వాకిట నిలిచినవారిని వట్టి చేతులతో పంపరాదు. నడవలేనివారిని మోసి తేవలెను. చూడలేనివారికి చెవిలో చెప్పవలెను. వినలేనివారికి అరచేతిలో రాసి చూపవలెను. మెల్లగా గ్రహించేవారికి నూరుసార్లు చెప్పవలెను, నూటొకటోసారి విసుక్కోరాదు." ఆకు అడుగున పేరుకున్న వరద మట్టిని గీకి, కింది పంక్తి కూడా చదివాడు: "ఇదియే విద్యార్థులను చేర్చుకొను విధి."

యథోక్తుడు చేతులు కట్టుకొని, "స్వామీ, నాకొక సందేహం. మా ఆకులో 'అటుపిమ్మట' తరువాత ఏముంది? నలభై ఏళ్ళుగా తెలియక ఆగాం" అన్నాడు.

వినాయకుడు మేకల కట్ట అడుగున చిక్కుకున్న ఆకు చూసి, "అటుపిమ్మట శిరస్సు ఖండించవలెను" అని చదివాడు. ద్వారం వెనక గుమిగూడిన శిష్యులందరూ ఒక్కసారిగా మెడలు తడుముకొన్నారు. లంబోదరుడి బొజ్జ కదిలేలా నవ్వు వచ్చింది, పక్కనున్న మూషికం దొర్లిపడినంత పని అయింది.

కఠోరవ్రతుడికి మాత్రం నవ్వు రాలేదు. ఆయన మెట్టుమీద కూలబడ్డాడు. గుడ్డిపిల్లాడి చేయిపట్టుకొని ఏడు క్రోసులు నడిచి వచ్చిన ముసలితాత, వినికిడి లేక తన పెదవులవైపే ఆశగా చూసిన కుమ్మరి యువకుడు, ఇంకా ఎందరెందరో ఒక్కొక్కరే కళ్ళముందు మెదిలారు. ఆ ముసలితాత వెళ్ళిపోతూ కూడా తనకు దండం పెట్టాడు. ముని వెక్కి వెక్కి ఏడ్చాడు. మహర్షి ఏడ్చాడని చెప్పడానికి నాకేం మొహమాటం లేదు, ఏడవవలసిన పనే చేశాడు.

"నన్ను నేను శపించుకొందామన్నా నీళ్ళు లేవు స్వామీ!" అన్నాడు.

"శాపం సులువయ్యా. రేపటినుంచి ఊరూరా తిరిగి, నువ్వు తిప్పి పంపినవారినందరినీ వెతికి తీసుకురా. వయసు మీరిపోయిందంటే వినకు" అని వినాయకుడు హేలావతి వైపు తిరిగి, "తల్లీ, ఏదైనా వరం కోరుకో" అన్నాడు.

"కాళ్ళు సామీ! దానికి కాళ్ళియ్యి!" అని కుముద్వతి ఒక్కసారిగా అరిచింది. ఎనిమిదేళ్ళుగా గుండెలో దాచుకొన్న మాట అది.

హేలావతి తల్లి చేయి పట్టుకొంది. "ఇస్తే వద్దంటానా అమ్మా! కాని కాళ్ళొచ్చాకే చదువంటే, రానివాళ్ళ మాటేంటి? స్వామీ, ముందు నన్నిలాగే లోపలికి పోనివ్వండి. మిగతావి తరవాత."

"తథాస్తు" అన్నాడు వినాయకుడు. తరువాత కాళ్ళిచ్చాడా అని అడుగుతారు మీరు, నాకు తెలుసు. ఎప్పుడు ఈ కథ చెప్పినా ఎవరో ఒకరు అడుగుతారు. చదువు వచ్చిందా అని ఒక్కరూ అడగరేం?

వచ్చింది. యథోక్తుడు ఆకులో ఉన్నట్టుగా మోయబోతే హేలావతి ఒప్పుకోక, మేకల వాలుదారి ఉండగా మోత ఎందుకంది. గడ్డిబండిమీద బుట్ట నిలిపి, రెండు మేకలను కట్టారు. అరుణుడు తన పగ్గాల్లోంచి ఒక ముక్క కోసిచ్చి, "బిగించి లాగకు తల్లీ. గుర్రమైనా మేకైనా మెడనొప్పి ఒకటే. మన పని చేతులతో, కాళ్ళతో కాదు" అని నేర్పాడు. పిల్ల బండి తోలుకొంటూ గడప దాటింది. ఆ వెనకే సూర్యరథం కదిలి నడినెత్తికి చేరింది, అగ్ని భగ్గుమంది, దేవతలందరూ హవిస్సు అందుకొన్నారు. దీర్ఘశాసన మహారాజు కిరీటం పెట్టుకోవడం కూడా మరిచిపోయి, తన రాజ్యంలో ప్రతి విద్యాశాలకూ మెట్ల పక్కన వాలుదారి ఉండాలని అక్కడికక్కడే శాసనం చేశాడు. కాలక్రమంలో హేలావతి గ్రహగతులు బోధించే ఆచార్యురాలై, అదే మండపంలో వేయిమందికి చుక్కల 'ఎందుకు'లు విప్పి చెప్పింది.

ఆనాడు గుమ్మం బయట కుముద్వతి ఒక్కతే మిగిలింది. ఎనిమిదేళ్ళ తరువాత వీపుమీద బరువు లేకపోయేసరికి నడుము తిన్నగా నిలపడం రాక, అలాగే వంగి నిలుచుంది.

యథోక్తుడు ఆకు మరొకసారి చూసుకొని ఆమె దగ్గరికి వచ్చాడు. "'వాకిట నిలిచినవారిని' అని ఉందమ్మా. తమరు నిలిచే ఉన్నారు. లోపలికి దయచేయండి."

ఈ కథ విన్నవారికి ఫలం ఏమిటంటారా? ఊరికే రాదు. ఇంటికి వెళ్ళి, మీ గడప ఎంత ఎత్తుందో ఒకసారి కూర్చుని చూసుకోండి.