ఎండ తెలియని పాదాలు

అచ్యుతస్వామివారికి అవునని గాని కాదని గాని జవాబు చెప్పే అలవాటు లేదు. అడిగినవాడు ఒక కథ మూటగట్టుకుని, తల గోక్కుంటూ ఇంటికి పోవలసిందే. శిష్యుడు సాంబమూర్తి భార్యను పెద్దాసుపత్రిలో చూపించి వచ్చిన మరునాడు ఆశ్రమానికి వచ్చాడు. "అయినవాళ్ళు బాధపడతారని నిజం దాస్తే తప్పా, స్వామీ?" అని అడిగాడు. స్వామి ఇలా చెప్పారు.

కోదండం రాజమండ్రిలో పేరున్న బట్టల వ్యాపారి. భార్య హైమవతికి నరాల జబ్బు. ముందు పాదాలలో స్పర్శ పోతుందని, అది మొదలైతే ఇక ఆమె ఎక్కువ కాలం బతకదని డాక్టరు ఆయనకొక్కడికే చెప్పాడు. ఆయన ఆ మాట కడుపులో దాచుకుని, ఉన్నన్నాళ్ళు ఆమెను సంతోషపెడదామని నడిసముద్రంలో ఒక దీవికి, ఖరీదైన రిసార్టుకు తీసుకెళ్ళాడు. పడవ దిగగానే అతిథుల చెప్పులు గుడ్డసంచిలో కట్టి దాచేయడం అక్కడి ఆచారం. తిరిగి పడవ ఎక్కేదాకా ఇవ్వరు. డబ్బిచ్చి మరీ ఉత్తకాళ్ళతో తిరగడం గొప్పవాళ్ళ ముచ్చట. హైమవతి కూడా నవ్వుతూనే చెప్పులు విడిచింది. భోజనాల దగ్గర ఆమె కోసం ఆయన, ఆయన కోసం ఆమె మారు వడ్డించుకునేవారు. ఇద్దరికీ ముద్ద దిగేది కాదు.

ఒక మిట్టమధ్యాహ్నం అందరూ చెక్కవంతెన మీదుగా గదులకు వెళుతున్నారు. చెక్కలు పెనంలా కాలుతున్నాయి. ముందున్నవాళ్ళు గెంతుతూ పరుగెత్తారు, కోదండం కూడా గెంతాడు. నీడకు చేరి వెనక్కి తిరిగి చూస్తే హైమవతి తాపీగా నడిచి వస్తోంది.

ఆయన ఆమెను కూర్చోబెట్టి అరికాళ్ళు చూశాడు. ఎర్రగా కంది, బొబ్బలెక్కుతున్నాయి.

"ఎప్పటినుంచి?" అన్నాడు.

"వేసవికి ముందునుంచే. చెబితే మీ ముఖాన ఆ కాస్త నవ్వు కూడా పోతుందని చెప్పలేదు," అందామె. "డాక్టరు మీతో ఏమన్నాడండీ?" అని అడిగింది.

కోదండం అంతా చెప్పేశాడు. ఇద్దరూ కరువుతీరా ఏడ్చారు. ఇన్నాళ్ళూ ఒంటరిగా మోసిన భయాలన్నీ ఆమె ఆయనతో చెప్పుకుంది. ఆ దీపావళికి ఆమె లేదు.

కథ విని సాంబమూర్తి అడిగాడు. "చెప్పకపోతే ఇంకొన్నాళ్ళు నవ్వుతూ ఉండేవారేమో, స్వామీ?"

"ఉండేవారు, ఎవరి నవ్వు వారు నవ్వుకుంటూ," అన్నారు స్వామి. "ఇక బయలుదేరు నాయనా. నువ్వు వచ్చేదాకా మీ ఆవిడ అన్నం తినదు."