పిడుగు బిళ్ళ

వన్నూరప్పకి రెండు రోజులుగా ముద్ద గొంతు దిగడం లేదు. దిగకపోవడానికి కారణం ఉంది. అతను బాగుచేసిన రెక్క మీదే పిడుగు పడింది.

నక్కలగుట్ట మీద ముప్పై రెండు గాలిమరలు ఉన్నాయి. వాటి రెక్కలు ఫైబరువి. ఎండకీ ఇసుకగాలికీ పెచ్చులూడితే, తాడుకి వేలాడి వాటికి అతుకులు వెయ్యడం వన్నూరప్ప పని. ఆ ఎండాకాలం తొమ్మిది మరలకి ఒక్కో రెక్క తన చేత్తో బాగుచేశాడు. ఏదో మమ అనిపించడం కాదు, అద్దంలా తీర్చిదిద్దాడు. అతుకు ఎక్కడుందో చూపించమంటే తనే తడుముకోవాలి. సైటు చూసుకునే ఇంజినీరు హిమజ మేడం బైనాక్యులర్లలోంచి చూసి, "ఎంత అందంగా ఉందయ్యా!" అంది. ఆ మాట విన్నాక వారం రోజులు అతని కాళ్ళు నేల మీద ఆనలేదు. తాడు పనివాళ్ళకి అది మామూలే అనుకోండి.

అంతలో వానలు మొదలయ్యాయి. మొదటి వానకే పద్నాలుగో నంబరు మర మీద పిడుగు పడింది. రెక్క కొస వేరుశనక్కాయ వొలిచినట్టు రెండుగా విచ్చుకుపోయింది.

"పెద్ద పిడుగు. ఎవరేం చేస్తారు?" అంది మేడం. రిపోర్టులో కూడా అదే రాసేసింది.

అందరూ సరేననుకున్నారు. వన్నూరప్ప అనుకోలేకపోయాడు. ఈ వానలు అయ్యాక ఎల్లాజీ మేస్త్రీ పని మానేసి వాళ్ళ ఊరు వెళ్ళిపోతున్నాడు. ఆయన తర్వాత తాళ్ళ జట్టుకి పెద్ద వన్నూరప్పేనని మేడం ఒక మాట అనేసింది కూడా. సరిగ్గా ఇప్పుడే, ఇన్ని మరల్లో తను ముట్టుకున్న రెక్కే పగలాలా?

ఎల్లాజీ సముద్రం ఒడ్డున పుట్టినవాడు. ఏళ్ళ తరబడి ఫైబరు పడవలకి అతుకులేసి, ఆ చేతివాటంతోనే రెక్కల పనికి వచ్చాడు. తాడు నడుముకి ఎలా కట్టుకోవాలో మొదలుకొని వన్నూరప్పకి అన్నీ నేర్పింది ఆయనే. మనిషికి మాటలు తక్కువ, టీలు ఎక్కువ.

"గురువా, నా పనిలో తప్పేముందో నువ్వే చెప్పు," అన్నాడు వన్నూరప్ప, ఆయన పక్కన గొంతుక్కూర్చుని. "బిళ్ళకి మీటరు పెట్టి చూసినా. కూసింది. పుస్తకంలో రాసినా. ఇంకేం చెయ్యల్ల నేను?"

ప్రతి రెక్క కొసనా అరచేతిలో ఇమిడేంత లోహపు బిళ్ళ ఒకటి ఉంటుంది. పిడుగు బిళ్ళ అంటారు. పిడుగు వచ్చి దాని మీద పడితే, రెక్క లోపలున్న తీగ పట్టుకుని స్తంభంలోకి, అక్కణ్ణుంచి భూమిలోకి దిగిపోతుంది. రెక్కకి ఏమీ కాదు. బిళ్ళకీ తీగకీ లంకె తెగలేదని తెలియడానికి మీటరు పెట్టి చూస్తారు. లంకె బాగుంటే మీటరు కూస్తుంది.

"ఎప్పుడెట్టావు మీటరు?" అని అడిగాడు ఎల్లాజీ.

"అతుకు ఆరినాక."

ఎల్లాజీ టీ గ్లాసు కింద పెట్టేశాడు. సగం టీ అలాగే ఉంది.

"మీటరు అట్టుకురా. పదిహేనో దాని మీదికి పోదాం," అన్నాడాయన.

పదిహేనోది కూడా వన్నూరప్ప బాగుచేసిందే. ఆకాశం తేటగా ఉంది. మర ఆపించి, ఆ రెక్క కొస నేలవైపు ఉండేలా నిలబెట్టించి, ఇద్దరూ చెరో తాడు మీదా దిగారు. మీటరు తీగ ఒక కొస పైన రెక్క మొదట్లో తగిలించి ఉంది. రెండో కొస వన్నూరప్ప చేతిలో ఉంది.

"బిళ్ళకి తగిలించు," అన్నాడు ఎల్లాజీ.

వన్నూరప్ప చెయ్యి చాపాడు. రెక్క నున్నగా తగిలింది. పైకి తడిమాడు, కిందికి తడిమాడు. ఎక్కడ చూసినా అదే నునుపు.

"ఈడే ఉండల్ల గురువా," అంటూ తీగ కొస ఆనించాడు. మీటరు పలకలేదు. జానెడు పక్కన ఆనించాడు. ఉలకలేదు, పలకలేదు. గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు.

ఎల్లాజీ వేలి కణుపులతో రెక్కని అక్కడా ఇక్కడా కొట్టి విన్నాడు. ఒకచోట ఆగాడు. నడుము దగ్గర్నుంచి చిన్న చాకు తీసి గీకాడు. రంగు లేచింది. రంగు కింద పుట్టీ లేచింది. దాని కింద గోరంత మేర లోహం తళుక్కుమంది. ఆయన కాస్త పక్కకి జరిగి చోటిచ్చాడు.

వన్నూరప్ప తీగ కొస ఆనించాడు. మీటరు కెవ్వుమంది. కింద మేస్తున్న మేకలు తల ఎత్తాయో లేదో తెలీదు గానీ, వన్నూరప్ప మాత్రం తల దించేసుకున్నాడు.

వన్నూరప్ప నేల మీదికి దిగి నడుము తాడు విప్పుకున్నాడు.

"ఇట్లాంటివి ఎనిమిది ఉన్నాయి గురువా. మీటరు చూసినాక అన్నింటికీ నున్నగా పుట్టీ పెట్టి రంగేసినా. అందంగా ఉంటుందని."

"ఊఁ."

"మనిద్దరమే సద్దు లేకుండా గీకేద్దాం. పెద్ద పిడుగని మేడం రాసేసింది గదా. ఇప్పుడు చెప్తే నా మీద పడుతుంది. జట్టు పెద్ద మాట అట్లుండనీ, తాడే ముట్టనియ్యదు."

ఎల్లాజీ తీగ చుట్టుకుంటున్నాడు.

"ఇందాక మీటరు ఎందుకు కుయ్యలేదురా?"

"మీద రంగుంది గదా."

"ఆఁ," అన్నాడు ఎల్లాజీ. తీగ చుట్ట భుజాన వేసుకుని టీ దుకాణం వైపు వెళ్ళిపోయాడు.

తప్పు మీద కూడా తను రంగే వెయ్యబోయాడని వన్నూరప్పకి అప్పుడు తట్టింది. తర్వాత ఆఫీసు షెడ్డుకి నడిచాడు.

"తప్పు నాది మేడం," అన్నాడు. "పద్నాలుగోదాని బిళ్ళ మీద నేనే రంగేసి పిడుగుకి దారి మూసేసినా. ఇంకా ఎనిమిది అట్లే ఉన్నాయి. ఆ మరలు ఆపించండి."

హిమజ మేడం ముందు ఫోను తీసి ఎనిమిది మరలూ ఆపించింది. ఆ తర్వాత మొదలుపెట్టింది. ఆ తిట్లు మెస్సులో అన్నం వడ్డించే ఆమెకి కూడా వినిపించాయట. వన్నూరప్ప ఒక్కదానికీ అడ్డు చెప్పలేదు. అడ్డు చెప్పకపోయేసరికి అవి ఎక్కువసేపు సాగలేదు కూడా.

"రేపట్నుంచి తాడు ముట్టుకున్నావంటే చూడు!" అంది ఆఖరికి.

ఎల్లాజీ ఎప్పుడొచ్చాడో, గుమ్మంలో ఉన్నాడు.

"ముట్టుకోకపోతే ఎలాగమ్మా? ఆ బిళ్ళలు ఎక్కడ దాసేడో ఆడికే తెలాల. మాకు దొరకవు."

మేడంకి నవ్వొచ్చింది. రానిస్తే బాగుండదని మొహం కిటికీ వైపు తిప్పుకుంది. "ఎనిమిదీ గీకమనండి. తర్వాత సంగతి తర్వాత."

నాలుగు రోజులు పట్టింది. అద్దంలాంటి పనిని తన చేత్తో తనే పాడుచేసుకోవాలి. మొదటి రెక్క దగ్గర వన్నూరప్పకి ఏడుపొచ్చినంత పనైంది. మూడోదాని దగ్గరికి వచ్చేసరికి బాధ తగ్గింది. ఆరోదాని దగ్గర కూనిరాగం తీస్తున్నాడని తోటివాళ్ళు నవ్వుకున్నారు. ఈసారి పని అంతా అయిపోయాకే మీటరు పెట్టాడు. కూశాకే పుస్తకంలో రాశాడు.

ఐదో రోజు మధ్యాహ్నం మబ్బు కమ్మింది. ఉరుము వినబడగానే అందరూ షెడ్డులోకి చేరారు. కాసేపటికి షెడ్డంతా తెల్లబారిపోయేంత వెలుగు, వెంటనే చెవులు దిబ్బళ్ళు పడే చప్పుడు.

"పదిహేనో దాని మీదే!" అని ఎవరో అరిచారు.

వన్నూరప్ప కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. తెరిచేందుకు ధైర్యం చాల్లేదు. తెరిచి చూస్తే, వానలో ఆ మర తాపీగా తిరుగుతూనే ఉంది.

మర్నాడు ఎండ కాశాక మేడం వచ్చింది. "మరని ఆపించాను. ఎక్కి చూసి రావాలి," అంటూ జట్టు పెద్ద పట్టుకునే వాకీటాకీని ఎప్పటిలా ఎల్లాజీకి చాపింది. ఎల్లాజీకి ఒక చేతిలో టీ ఉంది, ఇంకో చేతిలో బన్ను ఉంది. రెండింట్లో ఏదీ కింద పెట్టలేదు.

మేడం ఆ రెండు చేతుల వంకా చూసింది. తర్వాత వాకీటాకీని వన్నూరప్ప చేతిలో పెట్టింది.

రెక్క కొసదాకా తాడు మీద దిగాడు వన్నూరప్ప. గీకినచోట అంచులు ఎగుడుదిగుడుగా, గరుగ్గా ఉన్నాయి. మధ్యలో బిళ్ళ. బిళ్ళ మీద కందిగింజంత నల్లటి మచ్చ. చుట్టూ ఫైబరు మీద వెంట్రుకంత చీలిక కూడా లేదు.

వాకీటాకీ గరగరమంది. కింద ఎవరి దగ్గరో ఇంకోటి లాక్కున్నట్టున్నాడు ఎల్లాజీ.

"ఎలాగుందిరా?"

వన్నూరప్ప ఆ మచ్చని బొటనవేలితో తుడిచాడు. మసి వేలికి అంటుకుంది.

"అందంగా లేదు గురువా," అన్నాడు. "బాగుంది."