మూడోసారి

జెలిగ్‌కి నాలుగు రోజులుగా అన్నం సహించడం లేదు. ఫ్రూమా అతన్ని మన్నించనంటోంది.

జెలిగ్ జాలిన్ అనే చిన్న ఊళ్ళో యూదుల మతగురువు రబ్బీ ఆవిగ్దోర్ దగ్గర చదువుకుంటున్నాడు. ఫ్రూమా ఆ ఊళ్ళోనే మైనపు వత్తులు చేసి అమ్ముకునే ముసలావిడ. భర్త పోయాడు. కిందటేడు ఉపవాసదినం నాడు ప్రార్థనామందిరంలో భర్త పేర వెలిగించుకున్న వత్తి సగంలోనే కొండెక్కింది. జెలిగ్ అందరూ వింటూండగా అరిచాడు: "చచ్చిపోయిన మొగుడికి కూడా కల్తీ మైనమేనా?"

తీరా చూస్తే గాలి కిటికీలోంచి వచ్చింది. కిటికీ తీసింది జెలిగే.

ఆ ఏడాదంతా అతను నోరు కట్టేసుకున్నాడు. కోపం వస్తే లేచి అవతలికి వెళ్ళిపోయేవాడు. "ఈ జెలిగ్ ఆ జెలిగేనా!" అని ఊరంతా మెచ్చుకుంది. అతను కూడా తనని తాను కాస్త మెచ్చుకున్నాడులెండి. ఎవరికుండదు!

మళ్ళీ ఉపవాసం దగ్గరపడింది. యూదుల పద్ధతి ఏమిటంటే, దేవుడికి చేసిన తప్పుల్ని ఆ రోజు దేవుడు మన్నిస్తాడు, మనిషికి చేసినదాన్ని మాత్రం ఆ మనిషే మన్నించాలి. ముగ్గురు సాక్షుల్ని వెంటబెట్టుకుని వెళ్ళి అడగాలి. కాదంటే మళ్ళీ, ఇంకా కాదంటే మూడోసారి. అప్పటికీ వినకపోతే అడిగినవాడి బాధ్యత తీరిపోయినట్టే.

మొదటిసారి ఫ్రూమా అంది: "పండక్కి ఇల్లు దులుపుకున్నట్టు వచ్చావు బాబూ. ఇది నీ ఇంటి దుమ్ము, నాకెందుకు?"

రెండోసారి తలుపు సగమే తీసింది. "ఇంకోసారి కూడా వచ్చెయ్యి. నీ పని అయిపోతుంది."

జెలిగ్‌కి పిచ్చెక్కినట్టయింది. గురువుగారి దగ్గర కూలబడ్డాడు.

"ఏడాదిపాటు ఒక్కరిమీద కూడా గొంతు పెంచలేదు గురువుగారూ. నేను మారానా లేదా? మారితే ఆవిడకెందుకు కనపడదు? మారకపోతే ఇన్నాళ్ళూ నేను చేసిందేమిటి? నాకేం అర్థం కావడం లేదు."

"మూడోసారి ఎప్పుడు వెళ్తున్నావు?"

"ఇప్పుడే. ఇద్దరు స్నేహితులు వస్తామన్నారు. మూడో సాక్షి దొరకలేదు."

ఆవిగ్దోర్ కోటు తొడుక్కున్నాడు.

ఫ్రూమా పెరట్లో పట్టపగటి ఎండలో వత్తిదారం పేనుతోంది. ఒక కొస గోడమేకుకి తగిలించి, రెండో కొస పట్టుకుని మెలి తిప్పుతోంది. మేకు వదులైపోయింది. నాలుగు మెలికలు తిప్పేసరికి కొస జారి కింద పడుతోంది. ఆవిడ నడుం పట్టుకుని వంగి తీసుకుని మళ్ళీ తగిలిస్తోంది.

జెలిగ్ చెప్పాల్సిన మాటలు చెప్పాడు. ఆవిడ తలెత్తలేదు.

స్నేహితులిద్దరూ కాసేపు చూశారు. "మూడైంది. నీ తప్పేం లేదిక, పద" అన్నారు. పనులున్నాయని వాళ్ళు వెళ్ళిపోయారు.

బాధ్యత తీరింది. తీరితే మనసు తేలికపడాలి కదా? పడలేదు సరికదా, ఇంకా బరువెక్కింది. ఇదేమిటో జెలిగ్‌కి తెలియలేదు. గురువుగారి కోసం చూస్తే ఆయన గోడ దగ్గర ఉన్నాడు. కిందపడ్డ కొస తీసి వేలికి చుట్టుకుని నిలబడ్డాడు. ఫ్రూమా ఆయన్ని ఓసారి చూసి, మెలి తిప్పసాగింది.

"గురువుగారూ, మూడుసార్లూ అయిపోయాయి. వెళ్దామా?"

"నా పట్ల తప్పు చేస్తే మన్నించమని ఎన్నిసార్లు వస్తావు?"

"అయ్యో, అదేం మాట! గురువు విషయంలో మూడుతో ఆగడం ఎక్కడుంది? వెయ్యిసార్లైనా రావాలి."

"ఊఁ. మరి నీకు కోపం ఎక్కువని నీకెప్పుడు తెలిసింది?"

జెలిగ్ నేలచూపులు చూశాడు. "కిందటేడే. నేను అరిచాక ఈవిడ ఏడవలేదు, తిట్టలేదు. 'నీ నోరు నీకు వినపడుతోందా బాబూ' అని అడిగింది. ఇంటికెళ్ళాక వినపడింది. సిగ్గుతో చచ్చిపోయాను. అప్పట్నుంచే ఈ సాధన."

"నా దగ్గర ఏడేళ్ళు చదువుకున్నావు," అన్నాడు ఆవిగ్దోర్. "ఆ మాట నేనెప్పుడూ నిన్ను అడగలేదు."

జెలిగ్ ఫ్రూమా వంక చూశాడు. మైనంతో పగిలిన ఆ వేళ్ళని అతను ఇంతవరకు చూడనేలేదు.

ఆవిగ్దోర్ తన వేలి మీది దారం విప్పి జెలిగ్ వేలికి చుట్టాడు.

"బిగించి పట్టుకో," అంది ఫ్రూమా. ఆ రోజు అతనితో ఆవిడ అన్న మొదటి మాట అది.

ఆవిగ్దోర్ గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు.

"ఇంకా తొమ్మిదివందల తొంభై ఏడుసార్లు ఉన్నాయి జెలిగ్. తొందరపడకు."