కాచమ్మ గుట్టకు ఆ పేరు వచ్చిన వైనం

పూర్వం దక్షిణదేశాన్ని విజయకేతుడనే రాజు ధర్మబద్ధంగా పరిపాలిస్తున్న కాలంలో, పొరుగు రాజ్యాలలో ప్రాచీన దేవాలయాలు ఆలనాపాలనా లేక కూలిపోతున్నాయనీ, వాటిని నమ్ముకున్న శిల్పులూ అద్దకపువారూ చెట్టుకొకరు పుట్టకొకరుగా చెదిరిపోతున్నారనీ విని, అటువంటి దుర్గతి తన ప్రజలకు రాకూడదని తలచి, దేశమంతటా ఒక శాసనం చాటించాడు. "పూర్వులిచ్చిన సొత్తు ఊరూరా కాయవలెను" అన్నది ఆ శాసనం.

ఆ దండోరా దానిమ్మ తోటల నడుమ ఉన్న ఒక గుట్ట కింది ఊరికీ వచ్చింది. గుట్టమీది గుహలో అమ్మవారు వెలసి ఉంది. ఆమె వెనుక గోడమీద ఏనాటి శిల్పి చెక్కాడో గానీ ఒక నిండు దానిమ్మచెట్టు ఉంది. కొమ్మకొమ్మకూ పువ్వులే తప్ప ఒక్క కాయ లేదు. ఊరి అద్దకపువారు ఆ గోడపై తడిగుడ్డ పరిచి, నీలిరంగులో ముంచిన గుడ్డమూటతో మెత్తగా అద్ది, ఆ చెట్టు అచ్చును గుడ్డమీదికి ఎత్తి, ఆ చీరలు అమ్ముకుని బతికేవారు. వారిలో మల్లాంబ ఒకతె. భర్త పోయాక ఏటికి ఆవలి సీమ నుంచి ఇద్దరు ఆడపిల్లలతో వచ్చి స్థిరపడిన ఆ ఇల్లాలికి ప్రతిదానికీ భయమే. ఎవరూ లేని చోట పిల్లలను పెంచుతున్నాననీ, తనవల్ల ఏ తప్పు జరిగినా అది పిల్లల నెత్తిన పడుతుందనీ ఆమె బెంగ.

ఆ తోటల ఊళ్ళో కాపలాను కావలి అనేవారు. కాయడమంటే చెట్టు కాయడమొక్కటే వారికి తెలుసు. దండోరా వినగానే మల్లాంబ పొరుగింటికి పరుగెత్తింది.

"అమ్మవారి చెట్టు కాయాలట, రంగమ్మక్కా! కాయకపోతే ఆ తప్పు మనమీదికి రాదూ?"

"రాజుగారికి దానిమ్మపళ్ళ మీద మనసైతే మా తోటకు రమ్మనవే, పిచ్చిదానా! రాతిని పట్టుకుని పీడించడమెందుకు?" అని పొరుగింటి రంగమ్మ పకపకా నవ్వింది.

మల్లాంబ మాత్రం నవ్వలేదు. రాతిచెట్టు కాయడమంటే దానివల్ల నలుగురి కడుపు నిండడమే కాబోలునని నిశ్చయించుకుని, పిల్లలను వెంటబెట్టుకుని గుహ ఊడ్చింది, కుంకుడురసంతో గోడకు పట్టిన మసి కడిగింది, మునుపటికన్నా మెత్తని గుడ్డ పరిచి కొత్త కొత్త రంగులు అద్దింది. ఆమెను చూసి తక్కినవారూ కదిలారు. ఆ చీరల అందం చెవినపడి యాత్రికులు వచ్చారు, వర్తకులు వచ్చారు. పని చాలక అంతకుముందు వలసపోయిన అద్దకపు కుటుంబాలు కూడా తిరిగివచ్చి పొయ్యి రాజేశాయి.

అంతలో శాసనం అమలు చూడడానికి గుణభద్రుడనే రాజోద్యోగి విచ్చేశాడు. గోడమీద తడిగుడ్డను చూసి మండిపడ్డాడు.

"ఏమమ్మా, శాసనం చెవిన పడలేదా? కాయమంటే ఇదా కాయడం?"

"కాసింది అయ్యగారూ! మొన్న జాతరకైతే విరగకాసింది" అంది మల్లాంబ సంతోషంగా.

"విరిగిందా? ఏ కొమ్మ విరగ్గొట్టారు?" అని అతడు అదిరిపడి గోడంతా తడిమి చూశాడు. ఏదీ విరగకపోయినా, ఇన్ని చేతులు పడితే శిల్పం ఎన్నాళ్ళు నిలుస్తుందన్న భయంతో గుహకు టేకు తలుపులు పెట్టించి తాళం వేయించి, ఇకమీదట గోడను తాకినవారిని ఊరినుంచి వెళ్ళగొడతానని హెచ్చరించాడు.

అద్దకం ఆగిపోయింది. మళ్ళీ మూటాముల్లె సర్దుకుని, పరాయి ఊళ్ళో పరాయి పని వెతుక్కోవలసిన గతి తన పిల్లలకు పట్టబోతున్నదని మల్లాంబకు తెలిసిపోయింది. ఆమె తలుపుల ముందు కూర్చుని, "తల్లీ, నీ గోడకు నా చేతివల్ల గాటు పడి ఉంటే ఈ చేయి పడిపోనీ. లేదంటే తలుపు తెరిపించు. నా పిల్లలకు ఇవ్వడానికి నా దగ్గర ఈ పని తప్ప మరేమీ లేదు" అని వేడుకుని అన్నపానాలు మానేసింది.

ఒకనాటి ఉదయం తలుపుల కిందనుంచి ఎర్రని రసం పారి గుట్టమెట్లమీదికి వచ్చింది. నెత్తురనుకుని గుణభద్రుడు పరుగున వచ్చి తాళం తీయించాడు. లోపల, ఇన్ని తరాలు పువ్వులకే పరిమితమైన ఆ రాతిచెట్టు కొమ్మలు వంగేటట్లు కాసి, పగిలిన పళ్ళలోంచి గింజలు కెంపుల్లా మెరుస్తున్నాయి. మల్లాంబ పెద్దకూతురు ఒక గింజ నోట వేసుకుని, "అమ్మా, తియ్యగా ఉంది!" అని అరిచింది. గుణభద్రుడు తలపాగా తీసి సాగిలపడ్డాడు.

వార్త విని రాజు స్వయంగా వచ్చాడు. "కాయవలెనన్న మాట పలికినప్పుడు నా మనసులో కావలి ఒక్కటే ఉంది. రెండో అర్థం అమ్మవారు మల్లాంబ చెవిలో చెప్పింది. కావలి లేనిది కాయదు, కాయనిదానికి ఎవరూ కావలి ఉండరు" అని తీర్మానించి, గోడను శుభ్రపరిచినవారికే దానిపై అద్దే హక్కు ఉండేటట్లు శాసనాన్ని తిరగరాయించి, తలుపుల తాళంచెవి మల్లాంబ చేతికిచ్చాడు. గుణభద్రుడు అక్కడే ఉండిపోయి ఆమెతోపాటు గోడ కడిగేవాడట.

నాటినుంచి అమ్మవారు కాచమ్మ అయింది, గుట్ట కాచమ్మ గుట్ట అయింది. రాతికొమ్మలమధ్య ఎర్రజీర తేలిన దానిమ్మకాయలను నేటికీ చూడవచ్చు. దానిమ్మ పక్వానికి వచ్చే రోజుల్లో ఏటేటా జరిగే ఉత్సవంలో అద్దకపువారి ఆడపడుచు తాళం తీస్తుండగా పూజారి "కాసిందా?" అని అడుగుతాడు; గుట్టకింద నిలిచిన ఊరంతా ఒక్క గొంతుతో "విరగకాసింది!" అంటుంది.